ఐలీన్ పవర్ కథలు రాసిన ఆవిడేనా? అసలు ఆర్థిక చరిత్ర రాసింది భర్తేనా?

మీ ప్రశ్న మిగతావాళ్లకి కూడా అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్తాను. మీరు ఎం.ఏ. చరిత్ర రెండో ఏడాది. సెమినార్ పేపరుకి ఇంగ్లిష్ చరిత్రకారిణి ఐలీన్ పవర్‌ని తీసుకుంటానంటే మీ గైడ్‌గారు పెదవి విరిచారు. "ఆవిడ మధ్యయుగాల మీద కథలు రాసింది, రేడియోలో పిల్లలకి పాఠాలు చెప్పింది. అసలు ఆర్థిక చరిత్ర పని భర్త మైకేల్ పోస్టన్‌ది, రాస్తే ఆయన మీద రాయండి" అన్నారట. ఇందులో నిజమెంత, రాయాలంటే ఎక్కడ పట్టుకోవాలి అని అడిగారు.

నిజం చాలా తక్కువ. వరస చూస్తేనే తెలిసిపోతుంది. పోస్టన్ మొదట ఆవిడ విద్యార్థి, తర్వాత ఆవిడకి పరిశోధన సహాయకుడు, ఆపైన సహ సంపాదకుడు, 1937 డిసెంబరులో భర్త. పెళ్లినాటికి ఆవిడ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆర్థిక చరిత్ర ప్రొఫెసరై ఆరేళ్లు. పోస్టన్ చిన్నవాడని కాదు, చాలా పెద్ద చరిత్రకారుడు. కానీ ఆయన నిలబడిన అరుగు కట్టినవాళ్లలో ఆవిడ ముందుంటారు. ఇక కథలంటారా, అవి కూడా పద్దుల్లోంచి తీసినవే. మీ పేపరుకి పనికొచ్చేది ఈ రెండో సంగతే, అందుకే దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

నేను పీజీ క్లాసులకి మధ్యయుగ ఆర్థిక చరిత్ర చాలా ఏళ్లు చెప్పి రిటైరయ్యాను. నా సొంత పని కాకతీయుల కాలపు పన్నులు, సుంకాల మీద. పవర్ నా విషయం కాదు, నేను పని నేర్చుకున్నవాళ్లలో ఒకరు.

ముందు జీవితం, గబగబా. 1889 జనవరిలో ఇంగ్లండులోని ఆల్ట్రించమ్‌లో పుట్టారు. తండ్రి స్టాక్ బ్రోకరు. మోసం కేసులో 1891లో జైలుకెళ్లాడు. కుటుంబం పరువు, డబ్బు రెండూ పోయాయి. తల్లి ముగ్గురు ఆడపిల్లల్ని తీసుకుని ఊరు మారింది, 1903లో క్షయతో చనిపోయింది. అప్పటికి పెద్దపిల్ల ఐలీన్‌కి 14 ఏళ్లు. ఆక్స్‌ఫర్డ్‌లో చుట్టాల ఇంట పెరిగి, స్కాలర్‌షిప్ మీద 1907లో కేంబ్రిడ్జి గర్టన్ కాలేజీలో చేరి, 1910లో చరిత్రలో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నారు. అప్పట్లో కేంబ్రిడ్జి ఆడవాళ్లకి పరీక్షలు పెట్టేది, పట్టా ఇచ్చేది కాదు. మగవాళ్లతో సమానంగా డిగ్రీ ఇవ్వడం 1948 నుంచి. ఆవిడ అంతదాకా బతకలేదు.

తర్వాత ఒక ఏడాది పారిస్‌లో పాత రాతపత్రాలు చదవడం నేర్చుకున్నారు. 1911 నుంచి 1913 దాకా లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో షా స్టూడెంట్‌షిప్. బెర్నార్డ్ షా భార్య షార్లెట్ డబ్బుతో, స్త్రీల జీవితం మీద పరిశోధన కోసం పెట్టినది అది. మధ్యయుగ స్త్రీల మీద పవర్ పనికి మొదలు అక్కడే. 1913లో గర్టన్‌కే తిరిగొచ్చి చరిత్ర విభాగం చూశారు.

1920లో ఆల్బర్ట్ కాన్ ట్రావెలింగ్ ఫెలోషిప్ వచ్చింది. అది అందుకున్న మొదటి మహిళ ఆవిడే. ఇచ్చేముందు, వెళ్లొచ్చి పెళ్లి చేసుకుంటే ఫెలోషిప్ వృథా అవుతుందేమో అన్న అనుమానం కూడా వినాల్సి వచ్చింది. ఆ డబ్బుతో ఇండియా, చైనా, జపాన్ తిరిగారు. 1920 డిసెంబరులో సహాయ నిరాకరణ తీర్మానం జరిగిన నాగపూర్ కాంగ్రెస్‌కి హాజరయ్యారు. దీన్ని యాత్రా విశేషంగా తీసిపారేయకండి. యూరప్ మధ్యయుగాన్ని యూరప్‌లోనే మూసిపెట్టి చూడకూడదన్న పట్టుదల ఆవిడకి ఈ ప్రయాణం తర్వాత గట్టిపడింది. 1921లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో లెక్చరర్, 1924లో రీడర్, 1931లో ప్రొఫెసర్.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ గైడ్‌గారు "కథలు" అంటున్నది 1924లో వచ్చిన 'మెడీవల్ పీపుల్' గురించే అయ్యుంటుంది. ఆరుగురి జీవితాల పుస్తకం. అందులో మొదటివాడు బోడో, తొమ్మిదో శతాబ్దపు మొదటి పాదంలో పారిస్ దగ్గర బతికిన రైతు. రాజు కాదు, సాధువు కాదు, యుద్ధం చేసినవాడూ కాదు. మరి అతని గురించి మనకి ఎలా తెలుసు? సాన్ జెర్మాన్ దె ప్రే మఠం అధిపతి ఇర్మినాన్ తన భూములన్నిటికీ ఒక శిస్తు పుస్తకం రాయించాడు. అందులో బోడో ఒక పద్దు. భార్య ఎర్మెంట్రూడ్, ముగ్గురు పిల్లలు. కొంత దున్నే నేల, కొంత ద్రాక్షతోట, కొంత గడ్డినేల. సైన్యం కోసం రెండు వెండి షిల్లింగులు. అడవిలో పందుల్ని మేపుకున్నందుకు రెండు పీపాల ద్రాక్షసారా. మూడేళ్లకోసారి కంచెకి వంద పలకలు. వారానికి ఇన్ని రోజులు మఠం నేలలో వెట్టి. చివర్లో మూడు కోళ్లు, పదిహేను గుడ్లు.

ఇదీ మూలం. ఇందులో కథ ఏమీ లేదు. మన పాత రెవెన్యూ లెక్కలు తిరగేసిన వాళ్లెవరికైనా ఈ వాసన తెలుసు. పవర్ దీన్నుంచి బోడో ఇంట్లో ఒక రోజు రాశారు. అతను తెల్లవారుజామున మఠం పొలానికి బయల్దేరతాడు. ఇంటి దగ్గర ఎర్మెంట్రూడ్ కోడి శిస్తు కట్టడానికి వెళుతుంది. చేతిలో బలిసిన కోడిపెట్ట ఒకటి, గుడ్లు ఐదు.

ఇక్కడ ఆగండి. క్లాసులో నేను ప్రతి బ్యాచ్‌నీ ఇక్కడే ఆపేవాణ్ని. పద్దులో మూడు కోళ్లు, పదిహేను గుడ్లు. కథలో ఒక కోడి, ఐదు గుడ్లు. సరిగ్గా మూడో వంతు. అంటే ఆ ఒక్క రోజుకి ఎంత పడుతుందో లెక్క కట్టి చేతిలో పెట్టారు. చదివేవాడికి అది ఒక ఆడమనిషి కోడిని చంకనెత్తుకుని నడిచే దృశ్యం. లెక్క తెలిసినవాడికి శిస్తు వాయిదా. కథ అనిపించే చోట కూడా పద్దు తప్పదు. నేను విద్యార్థులకి ఇచ్చే పని ఇదే ఉండేది: ఒక అధ్యాయం తీసుకోండి, ఎడమవైపు మూలం పెట్టండి, కుడివైపు ఆవిడ రాసింది పెట్టండి, ఏ వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో గీత గీయండి. గీత పడని వాక్యాలు మిగులుతాయి. బోడో మనసులో ఏమనుకున్నాడు, చలికి ఏమని గొణిగాడు లాంటివి. అవి ఊహ, ఒప్పుకోవాలి. కానీ అవి ఎన్నో, ఎక్కడున్నాయో మీరే చూపించగలిగితే అదే ఒక సెమినార్ పేపరు.

అదే పుస్తకంలో ఐదో మనిషి థామస్ బెట్సన్, 15వ శతాబ్దపు ఉన్ని వ్యాపారి. ఇతని ఉత్తరాలు మిగిలాయి. 1476 జూన్‌లో ఫ్రాన్స్ తీరంలోని కాలే (Calais) రేవు నుంచి, తనకి కాబోయే భార్య కేథరీన్‌కి రాసింది ఒకటుంది. ఆ అమ్మాయి ఇంకా చిన్నపిల్ల. బాగా తిను, త్వరగా ఎదుగు, నా గుర్రాన్ని అడిగానని చెప్పు, దాని వయసులోంచి నాలుగేళ్లు నీకిమ్మని అడుగు అంటాడు. అందరూ ఈ ఉత్తరం దగ్గరే ముచ్చటపడి ఆగిపోతారు. ఆగకుండా ముందుకెళ్తే అధ్యాయంలో సగం కాట్స్‌వోల్డ్ కొండల్లో ఉన్ని ఎలా కొనేవాళ్లు, ఎలా కట్టలు కట్టేవాళ్లు, ఏ ఓడలో కాలేకి చేర్చేవాళ్లు, అక్కడ ఏ నాణేల్లో డబ్బు చేతికొచ్చేది, ఆ మారకంలో ఎవరు నష్టపోయేవాళ్లు అన్న సంగతులే.

ఈ వరస మీ పేపరులో తప్పక పెట్టండి. 1924లో బెట్సన్ అధ్యాయం. 1933లో పవర్, పోస్టన్ ఇద్దరి సంపాదకత్వంలో '15వ శతాబ్దపు ఇంగ్లండు వాణిజ్యం' మీద వ్యాసాల సంపుటి, అందులో ఉన్ని వాణిజ్యం మీద ఆవిడ పెద్ద వ్యాసం. 1939లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫోర్డ్ ఉపన్యాసాలు, విషయం మళ్లీ ఉన్నే. ఆవిడ పోయాక 1941లో అవి పుస్తకమయ్యాయి. పదిహేనేళ్లు ఒకే ప్రశ్న, ఒకసారి మనిషి వైపు నుంచి, ఒకసారి పట్టికల వైపు నుంచి. కథలు రాసే ఆవిడ వేరు, ఆర్థిక చరిత్రకారిణి వేరు అనుకుంటే ఈ వరసకి అర్థమే ఉండదు.

ఉన్ని ఎందుకంత ముఖ్యం అనేది తెలుగులో చదివేవాళ్లకి కొంచెం విప్పాలి. మధ్యయుగ ఇంగ్లండు ప్రధాన ఎగుమతి ముడి ఉన్ని. ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు ప్రాంతం), ఇటలీ మగ్గాలు దాని మీద బతికేవి. 1275లో ఎడ్వర్డ్ 1 మూటకి ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు సుంకం పెట్టాడు. మూటంటే 364 పౌండ్లు, మన లెక్కలో ఒకటిన్నర క్వింటాళ్ల పైచిలుకు. అక్కణ్ణుంచి రాజుకి యుద్ధం వచ్చినప్పుడల్లా చూపు ఉన్ని మీదే. ఉన్ని సుంకం హామీగా ఇటలీ సాహుకార్ల దగ్గర అప్పు, సుంకం పెంచాలంటే పార్లమెంటుతో బేరం, వసూలు సులువుగా ఉండాలంటే ఎగుమతంతా కాలే రేవు గుండా పోయేలా కొద్దిమంది వర్తకుల కంపెనీకి కట్టబెట్టడం. రాజ్యాంగ చరిత్రగా పాఠాల్లో వచ్చేదానికి అడుగున ఉన్ని మూట ఉందని పవర్ చూపించారు.

ఇంకో మలుపు ఉంది. ముడి ఉన్ని మీద సుంకం బాగా బరువెక్కింది, నేసిన బట్ట మీద మాత్రం తేలిగ్గా ఉండిపోయింది. దాంతో పరదేశపు మగ్గానికి ఉన్ని ఖరీదైంది, ఇంగ్లండు మగ్గానికి చవగ్గా దొరికింది. 14వ శతాబ్దం మొదట్లో ఏడాదికి 30 వేల మూటలకి పైగా పోయిన ఎగుమతి 15వ శతాబ్దం మధ్యకి 10 వేల లోపుకి పడింది. ఆ మేరకు బట్ట ఎగుమతి పెరిగింది. ఎవరూ పరిశ్రమని పెంచుదామని కూర్చుని వేసిన పథకం కాదు. రాజుకి డబ్బు కావాలి, అంతే. ఫలితం మాత్రం నేతగాడికి దక్కింది. మధ్యయుగ ఆర్థిక చరిత్రలో నాకు బాగా ఇష్టమైన వాదనల్లో ఇదొకటి.

ఈ అంకెలు ఎక్కడివి? రేవుల్లో సుంకం వసూలు చేసినవాళ్లు రాజుకి సమర్పించిన లెక్కల చుట్టలు. వర్తకుడి పేరు, ఓడ పేరు, ఎన్ని మూటలు, ఎంత సుంకం. వాటిని ఒక్క మనిషి జీవితకాలంలో తేల్చలేడు. అందుకని పవర్ సెమినార్ నడిపారు. విద్యార్థులు తలా ఒక రేవో, తలా ఒక వాణిజ్యమో పంచుకునేవాళ్లు. పోస్టన్ ఆ బల్ల దగ్గర కూర్చున్నవారే. సిల్వియా త్రప్, ఎలినోరా కారస్-విల్సన్ కూడా. 1933 సంపుటి ఆ బల్ల మీద తయారైంది. తర్వాత 1963లో కారస్-విల్సన్ మరొకరితో కలిసి 1275 నుంచి 1547 దాకా ఇంగ్లండు ఎగుమతుల పట్టికలు వేశారు, ఇవాళ్టికీ అందరూ వాడేవి అవే. ఒక శాస్త్రం నిలబడటానికి పుస్తకాలు ఎంత కావాలో ఇలాంటి బల్ల అంత కావాలి. మీ గైడ్‌గారి లెక్కలో ఇది కనబడటం లేదు, ఎందుకంటే దీనికి రచయిత పేరు ఉండదు.

సంస్థల సంగతి కూడా అంతే. 1926లో ఎకనామిక్ హిస్టరీ సొసైటీ పెట్టినప్పుడు ముందుండి నడిపినవాళ్లలో ఆవిడ ఒకరు, కార్యదర్శి. 1927లో దాని పత్రిక మొదలైంది. పోస్టన్ ఆ పత్రికకి సంపాదకుడైంది 1934లో. కేంబ్రిడ్జి యూరప్ ఆర్థిక చరిత్ర సంపుటాల ప్రణాళిక వేసింది జాన్ క్లాపమ్, పవర్. మొదటి సంపుటం 1941లో వచ్చింది, అందులో ఫ్రెంచ్ చరిత్రకారుడు మార్క్ బ్లాక్ రాసిన అధ్యాయం కూడా ఉంది.

కొంచెం పక్కకెళ్తాను, మీకు పనికొస్తుంది. ఉన్ని సుంకానికి 31 ఏళ్ల ముందు, 1244లో, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానుకి దెబ్బతిన్న ఓడల సరుకు పాత రాజులు లాక్కునేవారు, మేము మాత్రం నియమిత సుంకం తప్ప ఏమీ తీసుకోము అని సముద్ర వర్తకులకి హామీ. గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు ఇలా సరుకుల వారీగా రేట్లున్నాయి. నేను దీన్ని, 1275 సుంకాన్ని క్లాసులో పక్కపక్కన పెట్టి చెప్పేవాణ్ని. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, మరి మోటుపల్లి నుంచి ఏడాదికి ఎంత సరుకు పోయేదండీ అని. చెప్పలేం. మనకి రేటు రాయి మీద మిగిలింది, వసూలు లెక్క మిగల్లేదు. అక్కడ రెండూ మిగిలాయి. పవర్ పద్ధతిని మన శాసనాలకి యథాతథంగా తెచ్చి అతికిద్దామని చూసే థీసిస్‌లు చాలా చూశాను, అంకెలు లేనిచోట అంకెలు పుట్టించడంతో ముగుస్తాయి. మనం తీసుకోవాల్సింది పట్టిక కాదు. పన్ను వాక్యం దగ్గర ఆగి, ఇది కట్టినవాడెవడు, వసూలు చేసినవాడెవడు, ఎగ్గొట్టాలంటే ఎలా ఎగ్గొడతాడు అని అడిగే అలవాటు.

మీ గైడ్‌గారి మాటలో నిజం ఉన్న చోట్లు కూడా చెప్పాలి, లేకపోతే వైవాలో దొరికిపోతారు.

1922లో వచ్చిన 'మెడీవల్ ఇంగ్లిష్ నన్నరీస్' బ్రహ్మాండమైన పని. సన్యాసినుల మఠాల అప్పులు, ఆదాయాలు, వంటింటి ఖర్చుల దాకా ఉంటాయి. కానీ దాని మూలాల్లో పెద్ద భాగం బిషప్పుల తనిఖీ రిపోర్టులు. తనిఖీకి వచ్చినవాడు తప్పులే రాస్తాడు. 1387లో రోమ్సీ మఠంలో సన్యాసినులు పక్షుల్ని, కుందేళ్లని, కుక్కల్ని ప్రార్థనకి వెంట తెస్తున్నారని బిషప్పు మందలించాడు. చదవడానికి సరదాగా ఉంటుంది, కానీ బాగా నడిచిన మఠాల గురించి అలాంటి కాగితం పుట్టదు. ఆవిడ గీసిన బొమ్మ కొంత చీకటిగా పడిందన్న విమర్శ న్యాయమైనదే.

రెండోది, జనాభా పెరిగి నేల చాలక పంట దిగజారడం, ప్లేగు తర్వాత కూలిరేట్లు మారడం లాంటి దీర్ఘకాలపు చలనాల మీద పోస్టన్ వేసినంత బలమైన నమూనా పవర్ వేయలేదు. ఆయన ప్రశ్న వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆర్థిక చరిత్ర అంకెల వైపు, నమూనాల వైపు మొగ్గింది, అక్కడ పోస్టన్ పేరు ముందుకొచ్చింది.

మూడోది, రేడియో. అవును, చెల్లెలు రోడాతో కలిసి బడిపిల్లలకి బీబీసీలో చరిత్ర పాఠాలు చెప్పారు, పిల్లల పుస్తకాలు రాశారు. ఇది తక్కువ పని అని ఎందుకనుకోవాలో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు.

మరి ఈ "అసలు పని భర్తది" అనే మాట ఎలా పుట్టింది? 1938లో కేంబ్రిడ్జిలో ఆర్థిక చరిత్ర పీఠం ఖాళీ అయింది. ఆవిడ పోటీకి దిగలేదు, పోస్టన్‌కి వచ్చింది. అప్పటికి కేంబ్రిడ్జిలో ఒక్క మహిళా ప్రొఫెసరు లేరు, మొదటావిడ పురావస్తు శాస్త్రవేత్త డొరొతీ గారడ్, ఎన్నికైంది 1939లో. 1940 ఆగస్టులో పవర్ లండన్‌లో హఠాత్తుగా గుండెపోటుతో పోయారు. 51 ఏళ్లు. చేతిలో ఉన్న పనంతా సగంలో ఆగింది. ఉన్ని ఉపన్యాసాలు అచ్చుకి పంపింది పోస్టన్. మధ్యయుగ స్త్రీల మీద ఆవిడ వ్యాసాలు 1975లో పుస్తకంగా వస్తే సంపాదకుడు పోస్టన్. యూరప్ ఆర్థిక చరిత్ర సంపుటాలు కొనసాగించిందీ ఆయనే. ఆయన శ్రద్ధగా చేశారు, అందులో వంక లేదు. కానీ లైబ్రరీలో బీరువా తెరిచిన విద్యార్థికి ప్రతి అట్ట మీదా ఆయన పేరు కనిపిస్తుంది. ఆయన 1981 దాకా బతికారు, ఆవిడ కన్నా నాలుగు దశాబ్దాలు ఎక్కువ. 1996లో మాక్సిన్ బెర్గ్ రాసిన జీవిత చరిత్ర వచ్చేదాకా ఈ లెక్క సరిచూసినవాళ్లు తక్కువ.

ఇక మీరు ఎక్కడ పట్టుకోవాలంటే. జీవితం మొత్తం రాయబోకండి, సెమినార్ పేపరులో పట్టదు, పుట్టిన తేదీలతోనే అయిపోతుంది. ఉన్ని ఒక్కటే తీసుకోండి. 'మెడీవల్ పీపుల్' ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది, బెట్సన్ అధ్యాయం ముందు చదవండి. తర్వాత 1933 సంపుటిలో ఆవిడ ఉన్ని వ్యాసం. బెట్సన్ అధ్యాయంలో ఒక వాక్యంగా ఉన్నది ఇక్కడ ఎన్ని పేజీలైందో గుర్తుపెట్టుకుంటూ వెళ్లండి. ఫోర్డ్ ఉపన్యాసాలు ఆఖర్న. వీలైతే 1933లో ప్రొఫెసరుగా ఆవిడ ఇచ్చిన ప్రారంభోపన్యాసం కూడా, మధ్యయుగ చరిత్రని సామాజిక శాస్త్రాల పక్కన ఎందుకు కూర్చోబెట్టాలో అందులో చెప్పారు.

పోస్టన్‌ని వదిలేయాలని కూడా కాదు. అదే 1933 సంపుటిలో హాన్సా వర్తక సంఘంతో ఇంగ్లండు సంబంధాల మీద ఆయన వ్యాసం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివి, ఎవరి వ్యాసంలో వర్తకుడు పేరుతో కనిపిస్తాడో, ఎవరి వ్యాసంలో రాజ్యాల బేరం ముందుకొస్తుందో రెండు పేజీలు రాసి మీ గైడ్‌గారికి చూపించండి. టాపిక్ ఒప్పుకోమని ఆ తర్వాత అడగండి.